చివరి రీలులో ఆమె ఎక్కడ?

మన పాత చిత్రాలలో వేశ్య పాత్ర తెరమీదికి రాగానే హాలులో ఒక చిన్న కదలిక పుట్టేదట. తండ్రులు గొంతు సవరించుకునేవారు. తల్లులు పైట సర్దుకునేవారు. నేలక్లాసులో ఈలలు మోగేవి. కాని మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి వినబడే కూనిరాగం మాత్రం ఆ చిత్రంలోని ఇల్లాలు పాడినది కాదు, వేశ్య పాడినదేనని మా అమ్మమ్మ నవ్వుతూ చెప్పేది.

ఆలోచిస్తే ఇది కాస్త విడ్డూరమే. కథలో ఆమెకు మంచి పాట ఇస్తారు. మంచి నాట్యం ఇస్తారు. ఒంటినిండా నగలు పెడతారు. ఒక్కోసారి కథలోకెల్లా తెలివైన మాటలు కూడా ఆమె నోటనే పలికిస్తారు. ఇల్లు మాత్రం ఇవ్వరు.

నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునే దాన్ని. సినిమా శాస్త్రం చదువుకున్న దాన్ని కాను. అయినా ఈ పాత బొమ్మలన్నీ ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఫోనులోనే దొరుకుతున్నాయి గనుక, మొన్న వేసవి సెలవుల్లో ఒక్కొక్కటే తీరుబడిగా మళ్లీ చూశాను. చూస్తున్నంతసేపూ మనసులో ఒక చిన్న లెక్క వేసుకున్నాను. నాయకుడు ఏమయ్యాడు, నాయిక ఏమైంది అని కాదు. చివరి రీలు వచ్చేసరికి ఈ వేశ్య ఎక్కడ వున్నది? ఆమెను అక్కడికి చేర్చినవారెవరు? ఇంతే లెక్క. ఇంత చిన్న లెక్కలో ఎంత సంగతి దాగి వున్నదో పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఐదేళ్లు, ఆరుగురు

ముందుగా ఒక వరుస చూడండి. 1953లో ‘దేవదాసు’లో చంద్రముఖి. 1954లో ‘విప్రనారాయణ’లో దేవదేవి. 1955లో ‘కన్యాశుల్కం’లో మధురవాణి. 1956లో ‘చింతామణి’లో చింతామణి, ఆ సంవత్సరమే ‘తెనాలి రామకృష్ణ’లో కృష్ణసాని. 1957లో ‘పాండురంగ మహాత్మ్యం’లో కళావతి. ఐదేళ్లలో ఆరుగురు! లలిత, సావిత్రి, బి. సరోజాదేవి తలా ఒక పాత్ర వేస్తే, దేవదేవి, చింతామణి, కృష్ణసాని ముగ్గురూ భానుమతిగారే.

ఇప్పుడు ఇంకొక తేదీ పక్కన పెట్టండి. ఆడపిల్లలను దేవుడికి అంకితమిచ్చే ఆచారాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది 1947లో. దేవాలయ ప్రాంగణాలలోను, ఊరేగింపులలోను ఆడవాళ్ల నాట్యాన్ని కూడా ఆ చట్టమే ఆపింది. అంతకు ముందే కందుకూరి వీరేశలింగం పంతులుగారి కాలం నుంచి భోగంమేళాల మీద ఉద్యమం సాగుతూనే వున్నది. పెళ్లిళ్లలో మేళం పెట్టించడం గొప్ప అనుకున్న కుటుంబాలే, అది అప్రతిష్ఠ అని మానుకున్నాయి.

అంటే ఏమయిందన్నమాట? గుడి ముంగిట, పెళ్లి పందిట్లో కళావంతుల ఆట ఆగిపోయిన ఆరేళ్లకు, తెరమీద ఆట మొదలయింది. ఊళ్లో ఆమె గజ్జెలు విప్పిన తరువాత, సినిమా హాలులో గజ్జెలు కట్టింది. అసలు మనిషి కనబడకుండా పోయాకనే బొమ్మ మనకు ముద్దువచ్చింది.

ఆ చట్టం రాకుండా వుంటే బాగుండేదని నేను అనడం లేదు. ఊహ తెలియని పిల్లకు పొట్టుకట్టి, ఆమె బతుకు ఇంతేనని పెద్దలు నిర్ణయించడం దారుణం. ఆ పని ఆగవలసిందే. ఆపాలని మద్రాసు శాసనమండలిలో పోరాడిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి తల్లి కూడా ఆ కులంలో పుట్టినావిడే. అంచేత ఆ పోరాటంలో ఎంత బాధ వున్నదో మనం ఊహించుకోవచ్చు. నా ప్రశ్న చట్టాన్ని గురించి కాదు, ఆ తరువాతి సంగతి. ఆచారం పోయింది సరే, ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోయారు? ఆ ప్రశ్నకు మన సినిమాలు చెప్పిన జవాబులేమిటి?

చంద్రముఖి మెట్లు

‘దేవదాసు’ సంగతి మొదట చూద్దాం. శరత్‌బాబు నవల 1917లో అచ్చయింది. వినోదా వారి తెలుగు చిత్రానికి దర్శకుడు వేదాంతం రాఘవయ్యగారు. ఆయన కూచిపూడి నాట్యంలో ఆరితేరిన మనిషి. కూచిపూడివారి భాగవతమేళంలో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. ఆడవాళ్ల ఆట కళావంతులది. ఒకే నేలమీద పక్కపక్కనే పెరిగిన రెండు సంప్రదాయాలవి. ఒకటి గౌరవంగా సినిమాలోకి నడిచివచ్చింది. రెండవది కథలో పాత్రగా మాత్రమే వచ్చింది.

ఆ చిత్రంలో చంద్రముఖికి క్షేత్రయ్య పదం పెట్టారు. ఎంత సముచితమైన పని! ఎందుకంటే క్షేత్రయ్య పదాలను మూడువందల ఏళ్లపాటు గొంతులోనూ కంటిచూపులోనూ దాచి మనకు అప్పగించింది ఆ ఇళ్ల ఆడవాళ్లే. తాళపత్రాలలో సాహిత్యం దొరుకుతుంది గాని, ఏ మాట దగ్గర కనుబొమ ఎంత ఎత్తాలో తాళపత్రంలో వుండదు గదా!

లలిత చంద్రముఖిని ఎంతో హుందాగా నటించింది. దేవదాసు తనను అసహ్యించుకున్నందుకే ఆమె అతన్ని ప్రేమిస్తుంది. వృత్తి మానేస్తుంది, నగలు తీసేస్తుంది, తాగి పడిపోయిన మనిషికి సేవ చేస్తుంది. ఇక చివరి రీలు. దేవదాసు ప్రాణం పోయేది పార్వతి గుమ్మం ముందు. ఎద్దుబండి దిగి ఆ గుమ్మం దగ్గర పడిపోయిన మనిషికోసం పార్వతి పరుగెత్తుకొస్తుంది, తలుపులు మూసుకుంటాయి, హాలంతా వెక్కివెక్కి ఏడుస్తుంది. పార్వతికి కనీసం మూసుకోవడానికి ఒక తలుపు వున్నది. చంద్రముఖి ఆ దృశ్యంలోనే లేదు. అతను పోయాడన్న కబురు ఆమెకు ఎవరు చెప్పారో, చెప్పారో లేదో కూడా మనకు తెలియదు. నిజం చెప్పండి, ఆ చిత్రం చూసి బయటికి వస్తూ మనలో ఎంతమందిమి ఆమెను తలుచుకున్నాం?

1955లో బిమల్ రాయ్ హిందీలో తీసిన ‘దేవదాస్’లో ఒక చిన్న దృశ్యం వున్నది. పార్వతి పల్లకిలో వెళుతూ వుంటుంది, చంద్రముఖి దారిన నడిచి వస్తూ వుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఒక్క మాట లేదు. ఎవరి దారిన వారు పోతారు. సుచిత్రాసేన్, వైజయంతిమాల కళ్లతోనే ఆ కాస్తా నడిపించారు. ఆ పాత్రకు సహాయనటి బహుమానం ఇవ్వబోతే వైజయంతిమాల పుచ్చుకోలేదు. చంద్రముఖి పార్వతికి తోడుపాత్ర కాదనీ, సమానమైన పాత్ర అనీ ఆమె వాదం. వేషం వేసిన మనిషికి తెలిసిన ఆ మాట కథ రాసినవారికీ, చూసిన మనకూ కొంచెం ఆలస్యంగా తెలిసిందేమో!

భక్తి అనే తలుపు

మన చిత్రాలలో వేశ్యకు తెరిచే తలుపులలో పెద్దది భక్తి. ‘విప్రనారాయణ’ కథ తెలుగువారికి కొత్తది కాదు. సారంగు తమ్మయ్య ‘వైజయంతీ విలాసము’ చదివినవారికి దేవదేవి చిరపరిచితురాలు. శ్రీరంగంలో పూలతోట పెంచుకునే విరాగిని లొంగదీస్తానని ఆమె పంతం పడుతుంది, లొంగదీస్తుంది, చివరకు తానే లొంగిపోతుంది. అతను డబ్బులేక వీధిన పడితే సాక్షాత్తూ రంగనాథుడే బంగారుపాత్ర తెచ్చి ఆమె ఇంట్లో ఇస్తాడు. నిందలూ విచారణలూ అన్నీ అయ్యాక ఇద్దరూ దైవసన్నిధి చేరుతారు.

చింతామణిది ఇంకొక తీరు. ఉప్పొంగే యేట్లో శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని ఈది, పామును తాడు అనుకుని గోడ ఎక్కి వచ్చిన బిల్వమంగళుడికి జ్ఞానోపదేశం చేసినది ఆమే. ఈ పిచ్చి దేవుడిమీద వుంటే తరించేవాడివి గదా అన్న ఆ మందలింపుతోనే ఒక కాముకుడు లీలాశుకుడయ్యాడు. అంటే మహాభక్తుడికి గురువు ఒక వేశ్య! కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) ఈ కథనే నాటకంగా మలిచి, వేశ్యావ్యసనం కొంపలు ఎట్లా కూలుస్తుందో చూపించారు. ఆ నాటకం ఊరూరా ఆడింది. 1956లో భరణీవారు సినిమాగా తీస్తే భానుమతి చింతామణి, రామారావు బిల్వమంగళుడు, రంగారావు భవానీశంకరం, రేలంగి సుబ్బిశెట్టి.

భానుమతిగారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దేవదేవి వేసినా చింతామణి వేసినా ఆమె పాట ఆమే పాడుకున్నది. చిత్రాలు తీసిన సంస్థ ఆ దంపతుల సొంతం, దర్శకుడు ఆమె భర్త రామకృష్ణారావుగారు. అందుకేనేమో ఆ పాత్రలలో ఎక్కడా దైన్యం కనబడదు. మగవాడివంక తలెత్తి సూటిగా చూసే చూపు అది. ఎవరి దయమీదా ఆధారపడని ఆడమనిషి, అందరి దయమీదా బతకవలసిన ఆడమనిషి వేషం వేస్తే ఎట్లా వుంటుందో చూడాలంటే ఆ రెండు చిత్రాలూ చూడాలి.

అయినా చివరి రీలులో లెక్క మారదు. దేవదేవికైనా చింతామణికైనా దేవుడి దగ్గర చోటు దొరికింది గాని, మనుషుల మధ్య దొరకలేదు. 1966లో హిందీలో వచ్చిన ‘ఆమ్రపాలి’ కూడా అంతే. వైశాలి నగరశోభిని చివరకు బుద్ధుడి శరణు జొచ్చింది. మోక్షం చిన్న వరమని నేను అనను. కాని ఈ కథలలో పశ్చాత్తాపపడిన మగవాడికి మోక్షం దొరికింది, పేరు దొరికింది, కావ్యాలు దొరికాయి. లీలాశుకుడి ‘శ్రీకృష్ణకర్ణామృతం’ ఇవాళ్టికీ చదువుతున్నాం. మన నాటకాలలోనైతే, వ్యసనంలో పడ్డవాడి భార్య కన్నీళ్లు తుడుచుకుని అతన్ని మళ్లీ లోపలికి పిలిచిన సందర్భాలూ కొల్లలు. ఆడదానికి మాత్రం సన్యాసం ఒక్కటే దారి అయింది.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించినప్పుడు పత్రికలలో వాదప్రతివాదాలు జరిగాయి. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆ వర్గంవారు బాధపడ్డారు. ఆ బాధ వారిది, కాదనడానికి లేదు. నేను గమనించినది ఏమంటే, చర్చంతా సుబ్బిశెట్టి చుట్టూనే తిరిగింది. నాటకానికి పేరిచ్చిన మనిషి గురించి ఆలోచించినవారు నాకైతే అరుదుగా కనిపించారు.

ఉత్తరాదిన ఊరేగింపు

ఉత్తరాది సంగతి కాస్త వేరు. అక్కడ తవాయఫులు నవాబుల కొలువులలో పెరిగినవారు. సంగీతం, కథక్ నాట్యం, ఉర్దూ కవిత్వం, మాట మన్నన, అన్నీ వారి దగ్గరే నేర్చుకోవాలనేవారు. అంచేత హిందీ చిత్రాలలో వారి కోఠాకు మనవైపుకన్నా ఎక్కువ వైభవం వున్నది.

కమాల్ అమ్రోహి ‘పాకీజా’ 1972 ఫిబ్రవరిలో విడుదలయింది. తీయడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. సంగీత దర్శకుడు గులాం మహమ్మద్ విడుదల చూడకుండానే 1968లో పోయారు. విడుదలయిన రెండు నెలలలోపే మీనాకుమారి కూడా వెళ్లిపోయింది. ఆ చిత్రంలో ఆమె తల్లీ కూతురూ రెండు పాత్రలూ వేసింది. తల్లిని పెళ్లాడి తీసుకువెళ్లిన మగవాడు, తన ఇంటివాళ్లు కాదంటే నోరెత్తలేకపోయాడు. ఆమె శ్మశానంలో బిడ్డను కని చనిపోయింది. కూతురి పెళ్లి ఊరేగింపు మాత్రం చివరకు కోఠా గుమ్మంలోకే వస్తుంది. కన్నతండ్రి ప్రాణం పోతూ కోరిన కోరిక అది.

ఎంత గొప్ప ముగింపు! కాని మళ్లీ లెక్క వేసి చూడండి. ఆమె పేరు మార్చారు. పాకీజా అంటే పరిశుద్ధురాలు. ఆమె తండ్రి పెద్దింటివాడని తేలింది. ఆమె పెళ్లి చేసుకున్నది ఆ ఇంటి కుర్రవాడినే. అంటే ఆమె నిజానికి పరాయిది కాదు, ఇంటిపిల్లే, దారి తప్పిపోయింది, ఇప్పుడు ఇల్లు చేరింది అని మనకు ధైర్యం చెప్పి మరీ పెళ్లి చేశారు. అదే కోఠాలో మిగిలిన పిల్లలకు పెద్దింటి తండ్రులు లేరు. వారికోసం ఏ ఊరేగింపూ రాలేదు.

దీనికన్నా పద్నాలుగేళ్ల ముందు, 1958లో, బి. ఆర్. చోప్రా ‘సాధన’ తీశాడు. అందులో నాయకుడు మా వృత్తివాడే, కాలేజీ ఉపన్యాసకుడు. మంచంపట్టిన తల్లి కోడలిని చూడాలని పలవరిస్తూ వుంటే, డబ్బిచ్చి ఒక వేశ్యను కోడలి వేషంలో తెస్తారు. వేషం వేసిన పిల్ల నిజంగానే కోడలి మనసు తెచ్చుకుంటుంది. చివరకు అత్తగారు ఆమెను కోడలిగా ఒప్పుకుంటుంది. ఏ పెద్దింటి రక్తమూ లేని ఒక పిల్లకు ఆ రోజుల్లోనే గుమ్మం తెరిచిన చిత్రం అది. ఆ వేషం వేసినదీ వైజయంతిమాలే.

ఇక ముజఫర్ అలీ ‘ఉమ్రావ్ జాన్’ (1981). మీర్జా రుస్వా ఉర్దూ నవల దానికి ఆధారం. ఫైజాబాదులో ఎత్తుకుపోయి లక్నోలో అమ్మేసిన పసిపిల్ల, కవయిత్రిగా పేరు తెచ్చుకుని, ఏళ్లు గడిచాక పుట్టింటి వాకిట్లోనే ఆడవలసి వస్తుంది. తల్లి గుర్తుపడుతుంది. తమ్ముడు గడప దాటనివ్వడు. ఆమె తిరిగి వచ్చి, పాడుబడిన కోఠాలో అద్దంమీది దుమ్ము తుడుచుకుని తన ముఖం తాను చూసుకుంటుంది. రేఖకు జాతీయ బహుమానం తెచ్చిన ఆ పాత్రకు చివరి రీలులో మిగిలినది ఆ అద్దం ఒక్కటే. ఆమెను అమ్మినది ఎవరో మగవాడు. కాదన్నది తోడబుట్టినవాడు. శిక్ష మాత్రం ఆమెకు!

పూర్వులు పిసినారులు కారు

ఇదంతా చూసి, మన సంప్రదాయమే అంత, పాతకాలంవారు ఇంతకన్నా ఏం ఇస్తారు అని ఎవరైనా అనుకోవచ్చు. అది నిజం కాదు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ చదవండి. చివరి అంకంలో కొత్త రాజు వసంతసేనకు కులవధువు హోదా ఇస్తాడు. ఆమె తలమీద మేలిముసుగు కప్పుతారు. చారుదత్తుడి భార్య ధూత ఆమెను సోదరిగా పలకరిస్తుంది. అంతకు ముందే వసంతసేన తన పరిచారికను విడిపించి, ఆమె వలచినవాడికిచ్చి పంపిస్తుంది. అంటే తనకు గుమ్మం దొరకకముందే ఇంకొకతెకు గుమ్మం చూపించిన మనిషి ఆమె. బి. ఎస్. రంగా 1967లో ఈ కథను తెలుగులో ‘వసంతసేన’గా తీస్తే నాగేశ్వరరావు, కృష్ణకుమారి నటించారు.

మన ‘క్రీడాభిరామం’లోనైతే ఓరుగల్లు వీధులలో తిరుగుతూ మాచల్దేవి ఇంటికి వెళతాం. ప్రతాపరుద్రుడి ఆదరణ పొందిన ఆ వేశ్య చిత్రశాల కట్టుకుని ప్రవేశోత్సవం చేసుకుంటూ వుంటుంది. సొంత ఇల్లు, సొంత చిత్రశాల, వచ్చిపోయే రసికులు! కాకతీయుల నగరంలో వున్న ఇల్లు, మన సినిమా నగరంలో లేకపోయింది.

మధురవాణి తరువాత

ఇక మధురవాణి. గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చువేశారు, 1909లో పెంచి తిరగరాశారు. ఆ తిరగరాతలోనే మధురవాణి ఇంతటి మనిషి అయింది. పి. పుల్లయ్యగారి చిత్రంలో ఆమె సావిత్రి. రెండేళ్ల క్రితమే పార్వతిగా లోకాన్ని ఏడిపించిన పిల్ల, మధురవాణిగా లోకాన్ని చూసి నవ్వింది. ఒకే ముఖంలో ఇల్లాలినీ వేశ్యనీ చూసి మన ప్రేక్షకులు ఇద్దరినీ ఇష్టపడ్డారు. ఆ తేడా మనం అనుకున్నంత పెద్దది కాదని సావిత్రి చెప్పకనే చెప్పింది కాబోలు.

నాటకంలో చివర ఏం జరుగుతుందో జ్ఞాపకం చేసుకోండి. మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులుగారి ఇంటికి వెళుతుంది. వేశ్యలను చూడనే చూడనని వ్రతం పట్టిన పెద్దమనిషి ఆయన. లుబ్ధావధాన్లు మీద పడిన ఖూనీకేసు గుట్టు విప్పి అతన్ని కాపాడుతుంది. గిరీశం గుట్టూ విప్పి బుచ్చమ్మను కాపాడుతుంది. ఇంత చేసినందుకు అడిగిన ముద్దును, ఆయన ఇవ్వబోతే తానే వద్దంటుంది. చెడని మనిషిని చెడగొట్టకూడదని తల్లి చెప్పిన మాట ఆమెకు అడ్డువస్తుంది. చూశారా! నీతి నేర్పినది ఇక్కడ దేవుడు కాదు, పెద్దమనిషి కాదు, ఒక వేశ్య తల్లి.

రెండేళ్ల క్రితం ఈ ఘట్టం పాఠం చెబుతూ వుంటే వెనకబెంచీలో ఒక అబ్బాయి లేచి, “మధురవాణి ఆ తరువాత ఎక్కడికి వెళ్లింది మేడమ్?” అని అడిగాడు. బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపుతారు. గిరీశం దారి గిరీశానిది. మధురవాణి మాట గురజాడవారు చెప్పలేదు. మీరే చెప్పండన్నాను. సంగీత పాఠశాల పెట్టుకుంటుందని ఒకరు, వకీలు చదువు చదివితే ఆమెను మించినవారు వుండరని ఒకరు, క్లాసంతా సందడి. అంతలో ముందు వరుసలో కూర్చునే అమ్మాయి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడనిది, “ఏం చేసుకున్నా సరే మేడమ్, ముందు ఆవిడకి ఇల్లు అద్దెకి ఎవరిస్తారు?” అన్నది.

క్లాసు చల్లబడిపోయింది. నా దగ్గరా చప్పున జవాబు లేకపోయింది. ఎందుకంటే 1947 తరువాత ఎన్నో కుటుంబాలకు అది నాటకంలో ప్రశ్న కాదు, నిజంగా ఎదురైన ప్రశ్న. ఊళ్లు మారారు. ఇంటిపేర్లు చెప్పడం మానేశారు. తల్లి నేర్చిన పదం కూతురికి నేర్పకుండా, వీణ అటకమీద పెట్టి, పిల్లలను మామూలు బడికి పంపారు. పాట తెలుసని చెప్పుకుంటే ఎవరింటి పాట అని అడుగుతారన్న భయం!

నిజం బతుకుల చివరి రీళ్లు

కాని కొందరు మన సినిమావారి కథలకోసం కాచుకుని కూర్చోలేదు. వారి బతుకులకు ముగింపు వారే రాసుకున్నారు.

జద్దన్‌బాయి గొప్ప గాయని, తవాయఫుల సంప్రదాయంలో పెరిగినావిడ. 1930లలో సొంతంగా సినిమా కంపెనీ పెట్టింది, సంగీత దర్శకత్వం చేసింది. మన దేశంలో ఆ పని చేసిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. ఆమె కూతురు నర్గీస్. 1957లో మెహబూబ్‌ఖాన్ ‘మదర్ ఇండియా’ తీస్తే, దేశమంతటికీ తల్లిగా నిలబడినది ఆ నర్గీసే. ఏ ఇంటి ఆడవాళ్లకు మన కథలలో ఇల్లాలి పీట వేయలేదో, ఆ ఇంటి పిల్లే భారతమాత అయి కూర్చున్నది.

మనవైపున సరిదె మాణిక్యమ్మగారు వున్నారు. పశ్చిమగోదావరిలోని బల్లిపాడు మదనగోపాలస్వామి గుడిలో ఆడిన కళాకారిణి. ఏళ్ల తరబడి మరుగున వున్నాక, ఆమె అభినయంకోసం నేటితరం నర్తకులు వెతుక్కుంటూ వెళ్లారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ గౌరవించింది. నటరాజ రామకృష్ణగారు ఇటువంటి వృద్ధ కళాకారిణుల దగ్గర కూర్చుని నేర్చుకున్నదే ఆంధ్రనాట్యం పేరుతో మళ్లీ వెలుగులోకి వచ్చింది.

అందరిలోకీ నాకు ఇష్టమైన కథ బెంగుళూరు నాగరత్నమ్మగారిది (1878–1952). తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో వెలిగిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో ఆమె అచ్చువేయిస్తే, అశ్లీలమని మరుసటి సంవత్సరం సర్కారు నిషేధించింది. పెద్దలెందరో ఆ పుస్తకాన్ని ఏవగించుకున్నారు. ఆడది రాస్తే తప్పయినది మగవాడు రాస్తే ఎట్లా ఒప్పయిందని ఆమె నిలదీసింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో ఆ నిషేధం తొలగింది. ఆ ఏడే దేవదాసీ చట్టమూ వచ్చింది. దానికోసం ప్రయత్నాలు మొదలైన రోజుల్లో, తమను కళాకారిణులుగా చూడమని వాదించి ఎదిరించినవారిలో నాగరత్నమ్మగారూ ఒకరు. గెలుపూ ఓటమీ రెండూ ఒకే సంవత్సరం!

ఆమె తను సంపాదించుకున్నదంతా పెట్టి తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లు పాడడానికి వీల్లేదంటే, ఆడవాళ్లందరినీ కూడగట్టి వేరేగా పాడించింది. తరువాత తరువాత ఆ అడ్డు తొలగిపోయింది. ఇవాళ పుష్య బహుళ పంచమినాడు వందలమంది ఆడామగా వరుసగా కూర్చుని పంచరత్నాలు పాడుతున్నారంటే ఆ వరుసలో ఆమె వాటా వున్నది.

ఇంత పెద్ద బతుకు వెండితెరకు ఎక్కదగింది కాదంటారా? నేను చూసిన పాత చిత్రాలలో ఇటువంటి వేశ్య ఒక్కతె లేదు. ప్రేమించి ఏడ్చినవారున్నారు, విషం తాగినవారున్నారు, దేవుడిలో కలిసినవారున్నారు. ఆస్తి సంపాదించి, పుస్తకం అచ్చువేయించి, సర్కారును ఎదిరించి, గుడి కట్టించిన మనిషి మాత్రం లేదు. మన రచయితల ఊహకు అందనిది వారి కళ్లముందే జరిగిపోయింది.

ఈసారి ఏ ఆదివారమో మీ ఇంట్లో ‘దేవదాసు’ వస్తూ వుంటే, పక్కన పిల్లలు కూడా కూర్చుని వుంటారు. “ఆవిడెవరమ్మా?” అని అడగక మానరు. ఛానెలు మార్చకండి. అదొక తప్పుడు ప్రశ్న అన్నట్టు గొంతు సవరించుకోకండి. మన పాటనూ మన పదాన్నీ మూడువందల ఏళ్లు కాపాడిన ఆడవాళ్లలో ఒకతె అని చెప్పండి. ఆమెకు కథలో ఇల్లు ఎందుకు దొరకలేదో వాళ్లనే ఆలోచించమనండి. పిల్లలు మనకన్నా సూటిగా ఆలోచిస్తారు.

తిరువయ్యారు వెళ్లినప్పుడు త్యాగరాజస్వామికి దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగి చూడండి. ఎదురుగా, స్వామివంకే చూస్తూ, చేతులు జోడించి కూర్చున్న నాగరత్నమ్మగారి విగ్రహం కనబడుతుంది. ఆ చోటు ఆమెకు ఎవరూ దయతో ఇచ్చింది కాదు.